నడిమి మనిషి

హనుమంతరాయుడుగారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సాయంత్రం ఆదోనిలో, దామోదరం వాళ్ళ పత్తి దుకాణం మిద్దె మీద కూర్చుని ఆయన మాట్లాడుతుంటే, ఎదురుగా కూర్చున్న దామోదరం ముందుకు వంగి వినవలసి వచ్చింది.

"ఒకటే ఊరు, ఒకటే మనుషులు. నువ్వు వెళ్ళి అడిగితే ఊరంతా తెలుగువాళ్ళు. నెల తిరక్కుండా గురుసిద్ధప్ప వెళ్ళి అడిగితే ఊరంతా కన్నడంవాళ్ళు. ఇదేం గారడీ దామోదరం?"

దామోదరం ఆయన ఒళ్ళోకి చూశాడు. అక్కడ రెండు కాగితాల కట్టలున్నాయి. ఒకటి తను తెలుగులో రాసింది, రెండోది బళ్ళారి గురుసిద్ధప్ప కన్నడంలో రాసి టపాలో పంపింది. రెండింటి మీదా హొళగుంద పక్కనున్న కల్లహట్టి పేరే ఉంది.

హనుమంతరాయుడుగారు మద్రాసులో మనస్తత్వశాస్త్రం చెబుతారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. బళ్ళారి అటు కన్నడంవాళ్ళకు పోయింది, ఆదోని ఇటు వచ్చింది. గీత గీసేవాళ్ళు గీశారు సరే, ఆ గీత మీద బతికే జనం లోలోపల తమను తాము ఎవరనుకుంటున్నారు? ఈ ప్రశ్న పట్టుకుని ఆయన ఇద్దరు శిష్యులను ఊళ్ళకు తోలారు. ఒకడి మాట మీద ఆధారపడకుండా, ఒకే మనిషిని ఇద్దరి చేత విడివిడిగా అడిగించారు. మంచి ఆలోచనే. దుకాణంలో దామోదరం తండ్రి కూడా అనుమానం వచ్చిన పత్తి బోరాన్ని రెండో కాటాలో వేసి చూస్తాడు. కాటాలు రెండూ కలవనప్పుడు మాత్రం ఆయన మొదట తిట్టేది కాటా పట్టిన గుమాస్తానే.

"మీ ఇద్దరిలో ఒకడు ఊరికి పోకుండానే ఇంట్లో కూర్చుని కాగితాలు నింపాడు," అన్నారు హనుమంతరాయుడుగారు. "ఎవడో తేల్చడానికే వచ్చాను. తేలినవాడు మళ్ళీ మద్రాసు రానక్కర్లేదు."

దామోదరం ముఖం నల్లబడింది. ఎర్రటి ఎండలో కల్లహట్టిలో గడప గడపా తిరిగిన మనిషి! పత్తి బేరం వదిలేసి జనం మనసులు తూచే చదువుకు పోయాడని ఇంట్లో వేళాకోళాలు పడుతున్న మనిషి! 

"నేను నింపలేదు సార్. గురుసిద్ధప్ప కూడా అట్లాంటి వాడు కాదు."

"అయితే జనం అబద్ధమాడారు. అదైనా తేలాలి." ఆయన రెండు కట్టల్లోంచీ చెరొక కాగితం లాగారు. "ఆదెప్ప. ఇతనెవరు? ఇద్దరికీ నిండుగా సమాధానం చెప్పాడు. 'తాతల కాలం నుంచీ తెలుగువాళ్ళమే' అని నీకు. తాతల కాలం నుంచీ కన్నడంవాళ్ళమేనని అతనికి. ఇతణ్ణి నలుగురిలో నిలబెట్టి అడుగుదాం. ఎరిగినవాళ్ళ ముందు మనిషి అబద్ధమాడడు."

"నలుగురిలోనా? చెప్పింది ఈ కాగితాలు దాటి బయటికి పోదని నేను మాటిచ్చాను సార్."

"నీ మాట నిలిచేదా కాదా అన్నదే కదా ఇప్పుడు తేలవలసింది," అని ఆయన కాగితాలు సంచిలో పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే హొళగుంద బస్సెక్కారు. అక్కడ దిగి కల్లహట్టికి నడక. నల్లరేగడి నోరు తెరుచుకుని ఉంది. తొలకరికి ముందు రోజులు కావడంతో చేలల్లో మనుషుల్లేరు. గురువుగారు గొడుగు వేసుకుని ముందు నడుస్తుంటే దామోదరం వెనకాల చెమటలు కక్కుతూ నడిచాడు. కాగితాల సంచిని మోయమని ఆయన తనకివ్వకపోవడం అతను గమనించాడు.

ఆదెప్ప ఇంటి ముందు అతని పెళ్ళాం భీమక్క విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. రెండు వేళ్ళ మధ్య కాయను చిట్లించి, గింజ మీద పొర చినక్కుండా చాటలోకి రాలుస్తోంది. వీళ్ళను చూసి చేతులు దులుపుకుని లేచింది.

"రాండి సిన్నశెట్టీ, రాండి సామీ, కూకోండి. ఇంటాయన లేడు. ఎమ్మిగనూరు సంతకు పోయినాడు. రేపు గూడ ఆడనే ఉంటాడు, ఎద్దుల బేరాలు ముదురుతాండాయి."

చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. హనుమంతరాయుడుగారు తాగి, మూతి తుడుచుకుని, మాటల్లో మాటగా అడిగినట్టు అడిగారు. "ఏమమ్మా, మీరు తెలుగువాళ్ళా, కన్నడంవాళ్ళా?"

"తెలుగోళ్ళమే సామీ. మీవోళ్ళమే," అంది భీమక్క ఏమాత్రం తడుముకోకుండా.

దామోదరం ప్రాణం లేచి వచ్చింది. గురువుగారి వైపు చూశాడు. ఆయన ముఖం కొంచెం మెత్తబడింది.

అంతలో గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని సిరుగుప్ప వైపు నుంచి వచ్చే గాజులామె వాకిట్లో దిగింది. "బర్రీ అక్కా, కుంద్రీ!" అంటూ భీమక్క ఎదురుపోయి బుట్ట దించింది. ఇద్దరూ కన్నడంలో పడ్డారు. ఈ తెల్లబట్టల వాళ్ళెవరని ఆమె అడిగింది. మేం ఏ భాషవాళ్ళమో అడుగుతున్నారని ఈమె చెప్పింది. మరేమన్నావని ఆమె నవ్వింది. భీమక్క మణికట్టు చాపి, "నావు నిమ్మవరే అక్కా, ఇన్నేను?" అంది. మేం మీవాళ్ళమేనక్కా, ఇంకేముంది, అని. గాజులామె ఆ చేతిని ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు ముడిచి, ఆకుపచ్చ గాజు ఎక్కించసాగింది.

హనుమంతరాయుడుగారికి ఆ మాత్రం కన్నడం వచ్చు. ఆయన లేచి నిలబడ్డారు.

"విన్నావా?" అన్నారు గొంతు తగ్గించి. "గుటక మింగినంత సేపు కూడా పట్టలేదు. ఏ ఎండకాగొడుగు!"

దామోదరం కూడా అదే విన్నాడు, అదే చూశాడు. కానీ అతనికి కనిపించింది వేరు. వచ్చిన మనిషికి పీట వేసినట్టు, నీళ్ళిచ్చినట్టు ఆమె ఆ మాట ఇచ్చింది. తను మొదటిసారి వచ్చినప్పుడు కూడా ప్రతి గడపలోనూ ముందు నీళ్ళు, తర్వాత ఆ మాటే వచ్చింది. తను మాత్రం నీళ్ళు తాగి, మాటను రాసుకుపోయాడు.

"ఆమె అబద్ధమాడలేదు సార్. మర్యాద చేసింది. ఈ తావున ఇంటికొచ్చినవాడు ఏ మాట మాట్లాడితే ఆ మాటవాళ్ళమనే అంటారు. లేదంటే వచ్చినవాణ్ణి పరాయివాణ్ణి చేసినట్టు. మన ప్రశ్న వాళ్ళ చెవిలో ప్రశ్నగా పడలేదు."

"మర్యాదకు నా పట్టికలో గడి లేదు దామోదరం. ఒక మనిషి లోపల ఏదో ఒకటి ఉంటుంది. అది తీయడమే మన పని."

"లోపల రెండూ ఉంటే?"

"అప్పుడు రెండూ అని చెప్పాలి. చెప్పారా?"

చెప్పలేదు. నిజమే. అసలు తను అట్లా అడగనేలేదు. "నేనొక్కణ్ణే పోయి ఆదెప్పను మళ్ళీ అడుగుతాను సార్, ఇంకో విధంగా," అన్నాడు దామోదరం.

"అనుమానం నీమీదే ఉంటే నిన్నే పంపమంటావా? రేపు ఇద్దరం ఆ సంతకే పోదాం, నలుగురూ ఉంటారు," అన్నారాయన. అందులోనూ న్యాయముంది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కావచ్చు గానీ, ఆ కుందేలును ఆయన దొంగతనంగా పట్టుకోలేదు.

సంత మాట చెవిన పడి భీమక్క గాజుల చేతితోనే వాకిలి దాకా వచ్చింది. "సామీ, ఏమన్నా ఉంటే ఇంటికాడ అడగండి. సంతలో అడగద్దండి. ఆయనది దళారి బతుకు. అటోళ్ళు, ఇటోళ్ళు ఆయన మాట మీదనే ఎద్దుల్ని సేతులు మార్సుకొంటారు. మాకు నోరే సేను సామీ. వాన రాకున్నా పండేది అదొక్కటే." గురువుగారు తలూపారు. అడగనని ఆ తలూపడానికి అర్థం కాదని దామోదరానికి తెలుసు. ఆమెకు తెలియదు. ఆ సంగతి దారి పొడుగునా అతన్ని పొడిచింది.

మర్నాడు ఎమ్మిగనూరు సంతలో పొద్దెక్కేసరికి దుమ్ము కంట్లో పడి నిలవనివ్వడం లేదు. ఎద్దుల కొమ్ములకు కొత్త రంగు, మెడలకు పూసల పట్టెడలు. పళ్ళు చూసేవాడు చూస్తున్నాడు. తోక మెలిపెట్టి నడిపించి గిట్ట పడే తీరు చూసేవాడు చూస్తున్నాడు. ఆదెప్పను వెతకనక్కర్లేకపోయింది. జనం గుమిగూడిన చోట గొంతుక్కూర్చుని, ఎడమ భుజాన ఎర్రంచు తువ్వాలుతో ఉన్నాడు. అతనికి అటు సిరుగుప్ప దిక్కు నుంచి కోడె జత తోలుకొచ్చిన బసన్న, ఇటు కొనవచ్చిన నందవరం రైతు ఓబన్న. బసన్నకు తెలుగు రాదు. ఓబన్నకు కన్నడం రాదు.

దళారి బేరం నోటితో సాగదు. ఆదెప్ప బసన్న చేతి మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు నొక్కి ధర అడిగాడు. బసన్న తల అడ్డంగా ఆడించాడు. తువ్వాలు ఇటు తిప్పి ఓబన్న చేతి మీద కప్పాడు. ఓబన్న పెదవి విరిచాడు. ఇటు కొంత పెంచి, అటు కొంత దించి, నడుమ కన్నడంలో ఒక పరాచికం, తెలుగులో ఒక బతిమాలుడు. చుట్టూ నిలబడినవాళ్ళకు తువ్వాలు కదలడమే కనిపిస్తుంది, ధర కనిపించదు. అమ్మేవాడి వేళ్ళు కొనేవాడికీ, కొనేవాడి వేళ్ళు అమ్మేవాడికీ తెలియవు. తెలిసేది నడిమి మనిషి ఒక్కడికే. అతను అటు తక్కువ చెప్పి, ఇటు ఎక్కువ చెప్పి మధ్యది మింగితే అడిగేవాడు లేడు. ఆదెప్ప మింగడని రెండు దిక్కులా పేరు.

ఆఖరికి ఇద్దరి తలలూ ఊగాయి. "కుదిరె!" అని ఆదెప్ప లేవబోతూ వీళ్ళను చూశాడు. ముఖం విప్పారింది.

"ఓ సిన్నశెట్టీ! ఏమి, పత్తి బండికి ఎద్దులు గావల్లనా? రాప్పా, సూపిస్తా."

దామోదరం నోరు తెరిచేలోపే హనుమంతరాయుడుగారు ముందుకొచ్చారు. సంచిలోంచి కాగితాలు రెండూ తీశారు. దామోదరం ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "సార్, వద్దు సార్. పక్కకు పిలుస్తాను." ఆయన చెయ్యి విడిపించుకున్నారు.

"ఆదెప్పా, ఈ అబ్బాయి నీ ఇంటికొచ్చి ప్రశ్నలడిగాడా? తర్వాత బళ్ళారి నుంచి ఇంకొకతను వచ్చాడా? ఈ కాగితంలో నువ్వు తాతల కాలం నుంచీ తెలుగువాడివి. ఈ కాగితంలో తాతల కాలం నుంచీ కన్నడంవాడివి. ఇందులో నువ్వు చెప్పింది ఏది? నువ్వు చెప్పకుండా వీళ్ళు రాసుకున్నది ఏది?"

ఆయన గొంతు పెంచలేదు. కానీ సంతలో తెల్లచొక్కా మనిషి కాగితం తీస్తే ఎద్దులు కూడా చెవులు నిక్కిస్తాయి. జనం దగ్గరికి జరిగారు. ఎవడో బసన్నకు కన్నడంలో చెప్పాడు. ఎవడో కిసుక్కున నవ్వి, "అటు గూడ ఇటు గూడ తాతలే! ఎంతమందప్పా ఆదెప్పకు తాతలు?" అన్నాడు.

ఆదెప్ప దామోదరం వైపు చూశాడు. తిట్టినా బాగుండేది. 'బయటికి పోదంటివే' అని ఆ కళ్ళు అడిగాయి. దామోదరం ఇక ఆలోచించలేదు.

"సార్, మొదటి కాగితం నేనే రాసుకున్నాను," అన్నాడు. "ఆదెప్పన్నను నేను అడగలేదు. ఆయన నాకేమీ చెప్పలేదు."

మద్రాసు, చదువు, స్కాలర్‌షిప్ ఆ ఒక్క మాటతో పోయినట్టే. పోనీ అనుకున్నాడు. ఆ క్షణంలో అతనికి భయం కన్నా తృప్తే ఎక్కువ కలిగింది.

హనుమంతరాయుడుగారు కళ్ళద్దాలు తీశారు. గుంపులో కల్లహట్టి మనుషులు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. దామోదరం అడిగిన రోజు ఆదెప్ప అరుగు మీద పక్కనే కూర్చుని, ఆ మాటలన్నీ చెవులారా విన్నవాళ్ళు వాళ్ళు. ఆదెప్ప వాళ్ళను చూశాడు, వాళ్ళు తనను చూడడమూ చూశాడు.

"ల్యా, అట్ల గాదు," అన్నాడు మెల్లగా. "అడిగినాడు. సెప్పినా. రెండూ నేనే సెప్పినా."

"ఆదెప్పన్నా..."

"నువ్వుండు సిన్నశెట్టీ. నీ అబద్ధం కింద నేను దాంకొంటే, రేపు నా ఊరోళ్ళే నా మాట నమ్మరు." హనుమంతరాయుడుగారి వైపు తిరిగాడు. "సామీ, ఈయప్ప వచ్చి తెలుగులో అడిగె. మీవోణ్ణే అంటి. ఆయప్ప వచ్చి కన్నడంలో అడిగె. నిమ్మవనే అంటి. మాయమ్మ నాతో కన్నడం మాట్లాడె, నాయిన తెలుగు మాట్లాడె. దేన్ని కాదనల్ల? వాకిట్లోకి వచ్చినోణ్ణి మావోడు గాదని ఎట్ల పంపేది? మీరు అడిగింది కలుపుకొనేదానికి అనుకొంటి. యేరు సేసేదానికని నాకు తెలీదు."

హనుమంతరాయుడుగారు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఆయన గుండెల మీది బరువు దిగిపోయింది. శిష్యులిద్దరూ నిజాయితీపరులే.

"మంచిది. మీరిద్దరూ బాగానే పనిచేశారు," అన్నారు దామోదరంతో, భుజం తట్టి. "ఆ అబద్ధం ఎందుకాడావో కూడా అర్థమైంది. ఈ ఊరు తీసేద్దాం. ఈ మనిషి మాట లెక్కలోకి తీసుకోలేం." చదువుకున్నవాడు చదువుకున్నవాడితో అనే మాటే అది. అందులో ద్వేషం లేదు. సంత నడిబొడ్డున, దళారి ముందు, అందరూ వింటుండగా అన్నారు, అంతే.

"రా, బస్సు వేళవుతోంది," అన్నారు.

"మీరు పదండి సార్. నేను తర్వాత వస్తాను," అన్నాడు దామోదరం. గొడుగు దుమ్ములో కలిసిపోయింది.

కుదిరిన బేరానికి అప్పటికి పగ్గం చేతులు మారాలి. మారలేదు. ఓబన్న లేచి పంచె దులుపుకుంటున్నాడు.

"ఏమన్నా, పగ్గం పట్టుకో," అన్నాడు ఆదెప్ప.

ఓబన్న చెడ్డవాడు కాదు. ఏళ్ళుగా ఆదెప్ప చేతి మీదనే ఎద్దులు కొంటున్నాడు. అందుకే కాబోలు నేల చూపులు చూస్తూ అన్నాడు. "అది గాదు ఆదెప్పా. వాళ్ళకొకటి, వీళ్ళకొకటి సెప్పినానని నువ్వే అంటివి గదా. భాష సంగతి సరేలే, యాడన్నా పోనీ. ఎద్దుల ధర గూడ..."

మిగతాది అనలేదు. అనవలసిన పని లేకపోయింది. గుంపులో ఎవరో దాన్ని కన్నడంలోకి మార్చి బసన్న చెవిలో వేశారు. బసన్న ముఖం కూడా మారింది. అతను ఆదెప్ప భుజాన ఉన్న తువ్వాలు వైపు చెయ్యి చూపి, నాలుగు మాటలు అన్నాడు. మనమిద్దరమే చూసుకుందాం, ఇతను నా చేతిలో పెట్టిన ధర నీ చేతిలో పెడతాను, నీ చేతిలో పెట్టింది నా చేతిలో పెట్టు.

ఆ మాటను ఓబన్నకు తెలుగులో చెప్పవలసినవాడు ఆదెప్పే. అతను చెప్పాడు. ఒక్క అక్షరం తగ్గించకుండా, పెంచకుండా చెప్పాడు. తర్వాత తువ్వాలు తీసి ఇచ్చాడు.

సంతలో అటువంటి బేరం ఎవరూ చూసి ఉండరు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని, నడుమ దళారి లేకుండా తువ్వాలు కింద చేతులు కలిపారు. ఆదెప్ప పక్కన నిలబడ్డాడు. అతని కుడిచేతి వేళ్ళు తమంతట తామే ముడుచుకుని విచ్చుకోవడం దామోదరం చూశాడు.  దేవుడా, కలవాలి, కలవాలి అనుకున్నాడు. ఆదెప్పకు ఆ భయం ఉన్నట్టు లేదు. అతని ముఖంలో ఉన్నది వేరే ఏదో.

తువ్వాలు కింద వేళ్ళు కదిలాయి, ఆగాయి. బసన్న, ఓబన్న ఒకరినొకరు చూసుకున్నారు. ఓబన్న ముఖం సిగ్గుతో ఎర్రబడింది.

"ఒకటే!" అన్నాడు పెద్దగా. "రెండు దిక్కులా ఒకటే సెప్పినాడు! కాణీ తేడా లేదు!"

గుంపు ఒక్కసారిగా గలగలలాడింది. ఓబన్న లేచి ఆదెప్ప వీపు చరిచాడు. బసన్న రెండు చేతులూ పట్టుకుని కన్నడంలో ఏదేదో మెచ్చుకున్నాడు. ఇందాక తాతల మీద నవ్వినవాడే, "బంగారమప్పా ఆదెప్ప, బంగారం!" అన్నాడు. పగ్గం చేతులు మారింది. కోడెలు కొత్త యజమాని వెంట మోర ఎత్తుకుని నడిచాయి.

దామోదరానికి ఏడుపొచ్చినంత పనయింది. గుంపు పలచబడ్డాక దగ్గరికి పోయాడు.

"తేలిపోయింది కదన్నా, నిజమేనని. అందరి ముందూ తేలింది."

"తేలె," అన్నాడు ఆదెప్ప. "ఇన్నేండ్లూ తేల్సుకొనే పని ఎవురికీ పడల్యా సిన్నశెట్టీ."

ఇంకేదో చెప్పాలని దామోదరం మాట కోసం వెతుక్కుంటుండగా పక్క జత దగ్గర బేరం మొదలైంది. కౌతాళం నుంచి వచ్చిన కన్నడం రైతు ఒకడు, ఎమ్మిగనూరు తెలుగువాడొకడు. ఇద్దరూ ఇందాకటి తమాషా చూసినవాళ్ళే. ఆదెప్ప అలవాటు కొద్దీ వాళ్ళ మధ్యకు పోయి గొంతుక్కూర్చున్నాడు. ఎమ్మిగనూరు మనిషి నవ్వుతూ, ఎంతో గౌరవంగా చెయ్యి చాపాడు.

"ఆదెప్పన్నా, నీ టువ్వాల ఇట్లియ్యి. సేతులు మేమే కలుపుకొంటాంలే. నువ్వు పక్కన కూకోని మాట ఇటుది అటు మార్సు, సాలు."

ఆదెప్ప తువ్వాలు ఇచ్చాడు.